మడత ట్రైలర్ కొంటారా? పొద్దున్నే వెళ్ళి చూడండి

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీలో సొంత ఫ్లాట్. నాకు 53 ఏళ్ళు. ఏడేళ్ళుగా రుమటాయిడ్ కీళ్ళవాతం ఉంది, దానివల్లే టీచరు ఉద్యోగం మానేశాను. మావారికి 57. ప్రైవేటు కంపెనీలో జీతం 92 వేలు, కటింగులు పోను 82 వేలు చేతికొస్తాయి. ఇంకా మూడేళ్ళ సర్వీసుంది. ఇంటి ఖర్చు 45 వేలు, నా మందులూ ఇంజెక్షన్లూ 14 వేలు, సిప్ 15 వేలు. ఎఫ్‌డీలు 18 లక్షలు (అందులో 6 లక్షలది ఫిబ్రవరిలో తీరుతుంది), మ్యూచువల్ ఫండ్లు 9 లక్షలు, పీఎఫ్ 31 లక్షలు. ఆరోగ్య బీమా మావారి కంపెనీదే. అబ్బాయి హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు. హోటల్ మెట్లు, బాత్‌రూములు నావల్ల కాక ప్రయాణాలే మానేశాం. మధురవాడలో ఒకరు కర్ణాటక రిజిస్ట్రేషన్ ఉన్న మడత క్యాంపింగ్ ట్రైలర్‌ని (కారు వెనక లాక్కెళ్ళి, ఆగినచోట కప్పు లేపి మంచాలు బయటికి లాగితే గదిలా విచ్చుకునే బండి) 4.5 లక్షలకు అమ్ముతున్నారు. నాకు అనువుగా మార్చడానికి 3.2 లక్షలవుతుందని వర్క్‌షాపువాళ్ళు అంచనా ఇచ్చారు. బ్యాంకు 13 శాతం వడ్డీకి 5 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. చుట్టాలేమో ‘ఈ ఒంటితో ఇదేం సరదా’ అంటున్నారు. కొనొచ్చా?

జవాబు: చుట్టాల మాట పక్కన పెట్టండి. ఇదే డబ్బు ఫంక్షన్ హాల్లో భోజనాలకు ఖర్చుపెడితే ఒక్కరూ నోరెత్తరు. మీకు మెట్లు లేని మంచం, మీ బాత్‌రూము, అలిసినప్పుడు నడుం వాల్చే చోటు కావాలి. అది సరదా కాదు. కొనొచ్చు. కానీ అప్పు చేసి కాదు, వర్క్‌షాపు రాసిచ్చిన మార్పులన్నీ చేయించీ కాదు, దానికంటే ముందు చేయాల్సిన ఒక పని చేయకుండా అసలే కాదు.

ఆ పని ఆరోగ్య బీమా. మీవారు రిటైరవగానే సాధారణంగా కంపెనీ గ్రూప్ పాలసీ ఆగిపోతుంది. ఆ రోజు కొత్త పాలసీకి వెళ్తే మీకు 56 ఏళ్ళు, పాత జబ్బు, మళ్ళీ నిరీక్షణ కాలం, అంటే ఆ జబ్బుకి క్లెయిము ఇవ్వని కాలం. 2024 నిబంధనల ప్రకారం ముందునుంచే ఉన్న జబ్బుకి ఆ కాలం గరిష్ఠంగా మూడేళ్ళు. మీవారి సర్వీసూ మూడేళ్ళే. అంటే ఈ ఏడాదే మీ ఇద్దరి పేరునా సొంత పాలసీ తీసుకుంటే, గ్రూప్ పాలసీ పోయే నాటికి ఇది పూర్తిగా అక్కరకొస్తుంది. ఏడాది ఆలస్యం చేస్తే ఆ ఏడాది పాటు మీ కీళ్ళవాతానికి బీమా ఉండదు. కీళ్ళవాతం సంగతి దరఖాస్తులో దాచకండి, వాడే ఇంజెక్షన్ పేరుతో సహా రాయండి. గ్రూప్ పాలసీ ఇచ్చిన బీమా కంపెనీలోనే వ్యక్తిగత పాలసీకి మారితే ఇప్పటిదాకా గడిచిన కాలం కలిసొస్తుందేమో హెచ్‌ఆర్ ద్వారా అడిగించండి. ఆసుపత్రిలో చేరకుండా వేయించుకునే ఇంజెక్షన్‌కి డబ్బు వస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ లేదు కాబట్టి ప్రీమియం భారం కొంత తగ్గింది.

ఇప్పుడు లోన్ లెక్క. 5 లక్షలు, 13 శాతం, ఐదేళ్ళు అంటే నెలకు సుమారు 11,380 రూపాయలు, మొత్తం వడ్డీ దాదాపు 1.83 లక్షలు. మీకు నెలకు మిగిలేది 8 వేలు, అందులోంచే కొత్త పాలసీ ప్రీమియం కట్టాలి. పైగా జీతం ఆగిపోయాక కూడా రెండేళ్ళు కిస్తీ నడుస్తుంది. బ్యాంకు ఇస్తానన్నంత మాత్రాన మీకు తాహతుందని కాదు.

ఎఫ్‌డీల్లోంచి ముందు రెండు మూటలు పక్కన పెట్టండి. మీ మందుల ఖర్చు ఏడాదికి 1.68 లక్షలు. ధరలు పెరుగుతాయి కాబట్టి మూడేళ్ళకు 6 లక్షలు. ఆరు నెలల ఇంటి ఖర్చూ మందులూ కలిపి 3.5 లక్షలు. ఈ 9.5 లక్షలు ముట్టుకోకూడదు, పీఎఫ్ సంగతి తలవనే వద్దు. మిగిలేవి 8.5 లక్షలు. ట్రైలర్‌కి నా గీత 6 లక్షలు, అదీ ఫిబ్రవరిలో తీరే ఎఫ్‌డీ నుంచి. ముందే విరిస్తే వడ్డీలో కోత పడుతుంది, ఫిబ్రవరి దాకా ఆగితే ట్రైలర్ ఎక్కడికీ పోదు. ఒకవేళ ఫండ్లు అమ్మాలనుకుంటే సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో అమ్మండి. ఈక్విటీ ఫండ్ల దీర్ఘకాల లాభంలో ఏడాదికి 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపూ వాడుకోవచ్చు.

పన్ను మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. వికలాంగ సర్టిఫికెట్ తెచ్చుకుంటే మీవారికి పన్ను పడే ఆదాయంలో 75 వేలు తగ్గుతుందని మీకు ఎవరో ఒకరు చెబుతారు. 40 శాతం వైకల్యం ఉందని తేలితే తగ్గేది నిజమే, కానీ పాత పన్ను విధానంలో మాత్రమే. మీవారి జీతానికీ ఎఫ్‌డీ వడ్డీకీ కొత్త విధానంలో పన్నే పడదు. లేని పన్నులో మినహాయింపు కోసం కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) మెడికల్ బోర్డు చుట్టూ తిరగక్కర్లేదు. వేరే అవసరానికైతే తీసుకోండి.

ఇక మార్పులు. వర్క్‌షాపు అంచనాని రెండుగా చీల్చి చూడాలి. విప్పి ఇంటికి తెచ్చుకోగలిగినవి ఒక వైపు, కోసి అతికించేవి ఇంకో వైపు. 12 వోల్టుల ఫ్రిజ్, లిథియం బ్యాటరీ, ఇన్వర్టర్, కదిలించగలిగే టాయిలెట్ మొదటి రకం. ఈ జబ్బుకి వాడే ఇంజెక్షన్లలో చాలావాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డ కట్టకూడదు. మీదీ అలాంటిదైతే, ఐసు డబ్బాలో ఐసు పక్కనే పెడితే పాడవుతుంది, అందుకని ఫ్రిజ్ దండగ కాదు. 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో దాదాపు 1,280 వాట్-అవర్ల కరెంటుంటుంది. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకి 300 నుంచి 500 దాకా తింటుంది కాబట్టి ఫ్రిజ్ ఒక్కటే అయితే సుమారు రెండు రోజులు నడుస్తుంది. విశాఖవాళ్ళకి దీని విలువ వేరే చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక ఎన్ని రోజులు కరెంటు లేదో మీకు గుర్తుండే ఉంటుంది. రేపు ట్రైలర్ అమ్మేసినా ఇవి మీతోనే ఉంటాయి.

తలుపు వెడల్పు చేయడం, పైకప్పు కోసి ఏసీ పెట్టడం రెండో రకం. ఇవి వద్దు. అమ్మినప్పుడు ఒక్క రూపాయి తిరిగి రాదు. ట్రైలర్ కూడా చట్టం దృష్టిలో మోటారు వాహనమే. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, క్లెయిము దగ్గర బీమా కంపెనీకి సాకు దొరుకుతుంది. పైకప్పు లేపే చేతి హ్యాండిల్ స్థానంలో మోటారు పెట్టించడం ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను, బోల్టులతో బిగించేదే కాబట్టి. బీమా కంపెనీకి చెప్పి చేయించండి.

అయితే మోటారు కప్పునే లేపుతుంది. రెండు వైపులా మంచాలు బయటికి లాగడం, కింద ఊతకర్రలు బిగించడం, క్యాన్వాస్ కొక్కేలు పెట్టడం చేత్తోనే. మూసేటప్పుడు ఇంకా కష్టం, వంగి గుడ్డ లోపలికి దోపాలి. అందుకే చూడటానికి సాయంత్రం కాకుండా పొద్దున్న ఏడింటికి, మీ వేళ్ళు ఇంకా బిగుసుకుని ఉన్నప్పుడు వెళ్ళండి. అమ్మేవాళ్ళు తెరిచి పెట్టి చూపిస్తారు. మూయమనండి. తర్వాత మీరిద్దరే, వాళ్ళ సాయం లేకుండా తెరిచి మూయండి. మీవారు ఒక్కరే అన్నీ చేయాల్సి వస్తే, ఆయనకి 65 వచ్చేసరికి ఇది ఎవరు లేపుతారో అక్కడే మాట్లాడుకోండి. ఆ జవాబు దొరక్కపోతే బేరమే వద్దు.

టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అరుగుదల లేకపోయినా ఆరేళ్ళు దాటిన టైర్లను మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. చాసిస్ కింద పడుకుని తుప్పు చూడటం మెకానిక్ పని. సముద్రపు గాలికి ఇనుము ఎలా అవుతుందో అతనికి తెలుసు. క్యాన్వాస్ మడతల్లో ముక్కు పెట్టి చూడండి, బూజు వాసన వస్తే తడిగా మడిచి వదిలేసినట్టే. ఎంవీపీ ఫ్లాట్ పార్కింగులో పట్టదు కాబట్టి నిలిపే చోటుకి అద్దె ఎంతో, వాన వెలిశాక వెళ్ళి తెరిచి ఆరబెట్టేది ఎవరో కూడా ముందే తేల్చుకోండి.

మీ కారు మాన్యువల్లో ఎంత బరువు లాగొచ్చో రాసి ఉంటుంది. బ్రేకులున్న ట్రైలర్‌కి ఒకటి, లేనిదానికి ఇంకొకటి. అసలు లాగొద్దని ఉంటే అక్కడితో ఆపేయండి. సామాను సర్దాక ఒకసారి లారీ కాటా మీద తూయించండి. ట్రైలర్ మొత్తం బరువులో పది, పదిహేను శాతం కారు హుక్కు మీద పడేలా సర్దాలి. ఇది చూసుకోకుండా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు పోవద్దు.

అన్నీ కుదిరితే, కర్ణాటక ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదన్న పత్రం), అంటే ఫారం 28, చేతికొచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి. బండిని మీ పేరుకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు తీసుకోండి. ఇక్కడ కట్టాల్సిన పన్ను ఎంతో ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని, ఆ మొత్తాన్ని కూడా 6 లక్షల్లోనే కలిపి లెక్కేసుకోండి.