మూడు సెమిస్టర్లు మిగిలాయి, ఆపేసి పోకర్ ఆడనా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్న రొయ్యల చెరువులు చేస్తారు. నేను బెంగళూరులో బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. 2024 ఏప్రిల్ నుంచి 2025 ఆగస్టు దాకా, సుమారు పదహారు నెలలు ఫోన్‌లో డబ్బు పెట్టి పోకర్ అనే పేకాట ఆడాను. యాప్ చూపించిన లాభం 3,10,000. మొత్తం 900 గంటలు ఆడినట్టు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. జూలైలో ఒక్క రాత్రి 62,000 పోయింది, అది తప్ప ఎప్పుడూ పెద్దగా పోలేదు. ఇప్పుడు యాప్‌లు ఆగిపోయాయి. చదువు ఆపేసి గోవా వెళ్లి క్యాసినోల్లో ఆడదామనుకుంటున్నాను. ఈసారి రొయ్యల పట్టుబడి డబ్బుల్లోంచి నాన్నని 4 లక్షలు అడగనా? డిగ్రీ పూర్తి చేసినా వచ్చేది ఏడాదికి మూడున్నర లక్షల ఉద్యోగమే కదా?

జవాబు: బాబూ, మా పెద్దబ్బాయి వయసువాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. పోకర్‌ని అదృష్టం మీదే నడిచే గుండాటతో కలిపి తిట్టే ఉద్దేశం నాకు లేదు. సంక్రాంతికి కోడిపందేల బరి పక్కన వేసే గుండాట బల్ల దగ్గర ఎంత తెలివైనవాడైనా చేయగలిగింది ఏమీ ఉండదు. పోకర్‌లో లెక్క ఉంది, ఓపిక ఉంది, ఎదుటివాడి ఆట పసిగట్టడం ఉంది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆటేనని సుప్రీంకోర్టు 1967లోనే, అదీ మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే చెప్పింది. పైగా నువ్వు గంటలు రాసుకున్నావు. నా దగ్గరికి డబ్బు సలహాకి వచ్చే వ్యాపారుల్లో సగం మంది అది కూడా చేయరు. అందుకే నీ ప్రశ్నని తీసిపారేయకుండా లెక్క వేసి చూశాను.

పదహారు నెలలకి 3,10,000 అంటే నెలకి 19,375. గంటకి 344 రూపాయలు. ఇది పన్నుకి ముందు. ఆన్‌లైన్ ఆటల్లో నికర గెలుపు మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్, కలిపి 31.2 శాతం. మామూలు ఆదాయానికి ఉండే కనీస మినహాయింపు దీనికి లేదు. అంటే 96,720 ప్రభుత్వానిది, నీకు మిగిలింది 2,13,280. నెలకి 13,330, గంటకి 237. ఇందులో చాలావరకు యాప్‌లు డబ్బు బయటికి ఇచ్చేటప్పుడే టీడీఎస్‌గా కోసి ఉంటాయి. ఆదాయపన్ను పోర్టల్‌లో నీ పాన్‌తో లాగిన్ అయి ఏఐఎస్ (ఏడాది ఆదాయ, టీడీఎస్ వివరాల పట్టిక) తీస్తే కనిపిస్తుంది. రిటర్న్ వేయకపోతే ఒక ఆడిటర్‌ని కలిసి ఆ పని ముందు పూర్తి చెయ్యి.

మూడున్నర లక్షల ఉద్యోగమే కదా అన్నావు. నిజమే, ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరేవాళ్లకి చాలాచోట్ల అంతే వస్తోంది, నేను దాన్ని పెంచి చెప్పను. కానీ రెండు డబ్బుల్నీ పక్కపక్కన పెట్టి చూడు. జీతంగా 4 లక్షలు వస్తే కొత్త పన్ను పద్ధతిలో పన్ను సున్నా. 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది. అదే 4 లక్షలు పోకర్‌లో గెలిస్తే ఆ రిబేటు వర్తించదు, 1,24,800 కట్టాలి. జీతంతో పాటు పీఎఫ్‌లో కంపెనీ వాటా పడుతుంది, చాలా కంపెనీలు ఆరోగ్య బీమా ఇస్తాయి, జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకున్నా నెల జీతం ఆగదు. పోకర్‌లో నువ్వు కూర్చుంటేనే గంట మొదలవుతుంది.

ఇక గోవా. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అని చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. వాటికి చెల్లింపులు జరపడానికి బ్యాంకులకీ వీల్లేదు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పోకర్, రమ్మీ 2020 నుంచే నిషేధం. సెలవులకి ఇంటికొచ్చి ఆడి ఉంటే అది అప్పుడూ చట్టవిరుద్ధమే. విదేశీ సైట్లు ఇంకా నడుస్తున్నాయని ఎవరైనా లింకు పంపితే నొక్కకు. అక్కడ డబ్బు ఇరుక్కుంటే అడగడానికి మనిషి దొరకడు. పణజీ దగ్గర మాండవి నదిలో తేలే క్యాసినోలకి అక్కడి చట్టం ప్రకారం లైసెన్సులు ఉన్నాయి, అది వేరు. కానీ ఆ బల్ల మీది ఆట నీ ఫోన్‌లో ఆడిన ఆట కాదు.

ఎందుకో చెప్తాను. ఫోన్‌లో నువ్వు నాలుగు టేబుళ్లు ఒకేసారి తెరిచి ఉంటావు, గంటకి రెండు వందల హ్యాండ్స్‌కి (ఒక్కో పంపకం ఒక హ్యాండ్) పైనే పడి ఉంటాయి. మనుషులు ముక్కలు పంచే బల్ల మీద గంటకి 25, మహా అయితే 30. చేతిలో రెండు ఏస్‌లు, అంటే అన్నిటికంటే బలమైన ముక్కలు, పడటం సగటున 221 హ్యాండ్స్‌కి ఒకసారి. అంటే గోవాలో ఏడెనిమిది గంటలు కూర్చుంటే ఒకసారి. ఆ ఏస్‌లతో ఎదుటివాడి రెండు కింగ్‌ల మీద మొత్తం డబ్బు పెట్టినా నూటికి 18 సార్లు ఓడిపోతావు. అది తప్పు ఆడి ఓడటం కాదు, ఒప్పు ఆడి ఓడటం. మంచి ఆటగాళ్లకి కూడా ఇరవై వేల హ్యాండ్స్ వరసగా నష్టంలో నడవడం మామూలే. గంటకి 30 చొప్పున 20,000 హ్యాండ్స్ అంటే 667 గంటలు. నెలకి 160 గంటలు ఆడితే నాలుగు నెలలు దాటుతుంది. ఆ నాలుగు నెలలూ గది అద్దె ఆగదు, తిండి ఖర్చు ఆగదు, ప్రతి పాట్‌లోంచి, అంటే బల్ల మీద పోగైన పందెం డబ్బులోంచి, క్యాసినో తీసుకునే వాటా (రేక్) ఆగదు. గెలిచిన దానికి 30 శాతం, సెస్. పోయింది ఏ ఆదాయంలోనూ సర్దుకోనివ్వరు.

100/200 బ్లైండ్స్ బల్ల అనుకుందాం, అంటే ప్రతి హ్యాండ్ ముందు ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సిన పందేలు 100, 200. పెద్ద పందెం (బిగ్ బ్లైండ్)కి వంద రెట్లతో కూర్చోవాలంటే 20,000. జాగ్రత్తగా ఆడేవాళ్లు కనీసం ముప్ఫై సార్లు కూర్చునేంత డబ్బు ఆట కోసమే విడిగా పెట్టుకుంటారు, అంటే 6 లక్షలు. నీ దగ్గర ఉన్నది పదిసార్లకి సరిపోతుంది. నెలకి 30,000 ఖర్చు వేసుకున్నా ఏడాదికి 3,60,000 ఇంకో మూలన ఉండాలి. నాన్నగారు ఇచ్చే 4 లక్షలు కలిపినా మొత్తం ఆరు లక్షల పైచిలుకు. ఆటకి పెడితే తిండికి లేదు, తిండికి ఉంచితే ఆటకి లేదు.

ఇప్పుడు చదువు వైపు. రెండున్నరేళ్లలో కట్టిన ఫీజుల గురించి నేను మాట్లాడను. ఆ డబ్బు చదివినా తిరిగి రాదు, మానినా తిరిగి రాదు. ఇకముందు పెట్టాల్సిందే లెక్క. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 2,40,000 అవుతోందనుకుంటే మిగిలిన ఏడాదిన్నరకి 3,60,000. గోవాలో ఒక్క ఏడాది ఉండటానికయ్యే ఖర్చూ అంతే. ఒకదానికి చివర్లో కాగితం చేతికొస్తుంది. బ్యాంక్ పీవో రాయాలన్నా, గ్రూప్-2 రాయాలన్నా, ఎంబీఏకి వెళ్లాలన్నా ఆ కాగితమే గేటు. పీవో పరీక్షకి జనరల్ వాళ్లకి ముప్ఫై ఏళ్ల దాకానే. పోకర్‌కి అలాంటి పై వయసు పరిమితి లేదు. 2000లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ గెలిచిన క్రిస్ ఫెర్గూసన్ అప్పటికే కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేసినవాడు. 2003లో గెలిచి 25 లక్షల డాలర్లు తీసుకెళ్లిన క్రిస్ మనీమేకర్ అకౌంటెంట్, అకౌంటింగ్‌లో పీజీ చేసినవాడు. ఆటకి చదువు అడ్డం రాలేదు వాళ్లకి.

నాన్నగారి డబ్బు గురించి గట్టిగా చెప్పాలి. రొయ్యల రైతు ఇంట్లో పట్టుబడి డబ్బు లాభంలా కనిపిస్తుంది. అందులో సగం పైగా వచ్చే పంటదే. లీజు, సీడ్, మేత, కరెంటు. నువ్వు సెలవుల్లో చూసే ఉంటావు, రాత్రి రెండింటికి కరెంటు పోతే చెరువుకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయని జనరేటర్ దగ్గరికి టార్చిలైటు పట్టుకుని పరిగెత్తే మనిషి ఆయన. చెక్ ట్రే పైకి తీసి మేత ఎంత మిగిలిందో చూసి పుస్తకంలో రాసుకునే మనిషి. వైట్ స్పాట్ జబ్బు వస్తే నలభై రోజుల రొయ్యని అడిగిన రేటుకి పట్టించేయాలి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఇక్కడ రొయ్యల కౌంట్ రేట్లు ఏమయ్యాయో మీ ఇంట్లో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆయన ఆదాయమే ఎగుడుదిగుడు. దాని మీద ఇంకో ఎగుడుదిగుడు ఆదాయాన్ని నిలబెడితే రెండూ ఒకే ఏడాది పడిపోయినప్పుడు ఇల్లు దేని మీద నిలుస్తుంది? ఆ 4 లక్షలు అడగొద్దు. ఆయన ఇస్తానన్నా తీసుకోవద్దు.

నీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన వాక్యం జూలై రాత్రిది. పదహారు నెలల్లో సగటున నెలకి 19 వేలు సంపాదించినవాడికి ఒక్క రాత్రిలో 62,000 పోయిందంటే మూడు నెలల కష్టం. ఎన్నింటికి మొదలుపెట్టావు, ఎన్నింటికి లేచావు? మొదటి 20,000 పోయాక ఎందుకు ఆగలేదు? మామూలుగా ఆడే బల్ల కంటే పెద్ద బల్లకి వెళ్లావా? పోయింది రాబట్టుకోవాలని ఆడిన ఆట అయితే, అది నీ 900 గంటల నైపుణ్యానికి సంబంధించింది కాదు.

మా మేనమామ పేకాటలో చెయ్యి తిరిగినవాడు. క్లబ్బులో ఆయన కూర్చున్న బల్ల దగ్గరికి కొత్తవాళ్లు వచ్చేవారు కాదు. ఏడాది లెక్క చూస్తే గెలిచిందే ఎక్కువని మా అత్తయ్య ఇప్పటికీ అంటుంది. కానీ ఎరువుల డబ్బు, ఆట డబ్బు ఒకే బీరువాలో ఒకే సంచిలో ఉండేవి. ఒక నాట్ల కాలంలో వారం రోజులు ముక్క పడలేదు. ఎనిమిదో రోజు అత్తయ్య మెళ్లో నాను తాకట్టుకి వెళ్లింది, ఆ మరుసటి ఏడు ఎకరం పొలం. చేనుకి గట్టు వేసుకునే మనిషి డబ్బుకి వేసుకోలేదు. నేను ఈ వృత్తిలోకి రావడానికి ఆ బీరువా ఒక కారణం.

కాబట్టి నా సలహా, చదువు పూర్తి చెయ్యి. ఈ ఏడాదిన్నర డబ్బు పెట్టి ఆడకు. పుస్తకాలు చదువుకో, హ్యాండ్స్ విశ్లేషించుకో, అందులో తప్పు లేదు. నీకు సంభావ్యత మీద అంత ఇష్టం ఉంటే డేటా ఉద్యోగాలు చూడు, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా (బీమా నష్టభయం లెక్క కట్టే నిపుణుల సంస్థ) పెట్టే ఏసెట్ పరీక్ష చూడు. ఇంటర్ పాసైనవాళ్లూ రాయొచ్చు. బీమా కంపెనీలు జీతం ఇచ్చి చేయించుకునేది ఈ లెక్కలే. ఇంకా కట్టాల్సిన పన్ను ఉంటే ముందు అది తీసి పక్కన పెట్టు. మిగిలిన దాంట్లో లక్ష నీ పేరున ఎఫ్‌డీ చెయ్యి, తక్కినది వచ్చే సెమిస్టర్ హాస్టల్‌కి నువ్వే కట్టు. నీ గెలుపు డబ్బుకి అంతకంటే మంచి వాడకం నాకు కనపడటం లేదు.

డిగ్రీ వచ్చి, రెండేళ్లు ఉద్యోగం చేసి, ఆట డబ్బూ ఏడాది ఖర్చూ రెండు వేర్వేరు ఖాతాల్లో నీ జీతంలోంచే పోగైతే, అప్పుడు మళ్లీ రాయి. ఆ రోజు గోవా బడ్జెట్ నేనే కూర్చుని వేసిస్తాను. ఈలోపు రాత్రిళ్లు ఆట మీదికే మనసు పోతుంటే, ఇంట్లో దాచి ఆడాలనిపిస్తుంటే, 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు నీ నోట్‌బుక్ చెరువు గట్టు మీదికి తీసుకెళ్లు. నాన్నగారు సాయంత్రం మేత లెక్క రాసుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని చూపించు. జూలై పేజీ కూడా.