నంది కొండకు సైకిల్ మీద వెళ్లే ముందు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులతో రాయునది.

ఆదివారం తెల్లవారుజామున బెంగళూరులోని హెబ్బాళ నుంచి నంది కొండకు సైకిల్ మీద బయలుదేరుతున్నావని అమ్మ చెప్పింది. డిసెంబరు చలిలో, రానూపోనూ వంద కిలోమీటర్ల దారి కనుక, బట్టల గురించీ తిండి గురించీ నాలుగు మాటలు చెబుతాను.

చలి కొండ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు పట్టుకుంటుంది. 1,478 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం మీద ఊళ్లో కంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉంటుంది. ఎక్కుతూ పట్టిన చెమట, దిగేటప్పుడు ఎదురుగాలికి ఆరుతూ ఒంట్లోని వేడిని లాగేస్తుంది. పైగా అప్పుడు తొక్కే పని ఉండదు గనుక కండరాలు కొత్తగా వేడిని పుట్టించవు. అందుచేత లోపల నూలు బనియను వేసుకోవద్దు. చెమట పీల్చుకుని అది తడిగానే ఉండిపోతుంది. త్వరగా ఆరే పాలిస్టర్‌దో సన్నని ఉన్నిదో మేలు. ఎక్కడం మొదలుపెట్టకముందే జాకెట్ విప్పి, పైకి చేరగానే, ఫోటోలకంటే ముందు, మళ్లీ తొడుక్కుని గొంతుదాకా జిప్ లాగు. గాలిని ఆపే జాకెట్ లేకపోతే దినపత్రికను మడతపెట్టి జెర్సీ లోపల ఛాతీ మీద పెట్టుకో. ఆల్ప్స్ కొండలు దిగే యూరప్ పందెగాళ్లు చేసిన పనే అది. వేళ్లన్నీ కప్పే తొడుగులు మాత్రం తప్పనిసరి. వేళ్లు మొద్దుబారితే బ్రేకు ఎంత నొక్కుతున్నావో నీకే తెలియదు.

ఇక తిండి. గట్టిగా తొక్కితే కండరాల్లో ఇంధనంగా నిల్వ ఉండే గ్లైకోజెన్ గంటన్నర, రెండు గంటల్లో అడుగంటుతుంది. ఆ తరువాత కాళ్లు సహకరించవు, ఒంట్లో వేడి పుట్టదు, ఎన్ని బట్టలు వేసుకున్నా చలి ఆగదు. కాబట్టి ఆకలి కోసం ఎదురుచూడక, మొదటి అరగంట దాటాక కొద్దికొద్దిగా, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా తింటూ ఉండు. మాదిరి అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. దానికి రెండు మూడు ఖర్జూరాలు తోడైతే గంట గడుస్తుంది. వేరుశనగ పట్టీలో నూనె ఎక్కువ, అరగడానికి సమయం పడుతుంది కనుక దానిని దారిలో వచ్చే దేవనహళ్లి లోపే, చదును దారిలో ముగించు. ఇంటి దగ్గరే చిన్న ముక్కలు చేసి, కాగితం తీసేసి డబ్బాలో వేసుకో. తొడుగులతో పొట్లం విప్పడం నీ వల్ల కాదు. శక్తి కోసం తినే ఖరీదైన జెల్ పొట్లాలు కొనమని నేను చెప్పను, బయలుదేరే ముందు రెండు ఇడ్లీలు మాత్రం తప్పక తిను. మసాలా దోశ తిరుగు ప్రయాణానికి ఉంచు.

చలిలో దాహం అంతగా తెలియదు. అయినా గంటకు అర లీటరుకు తగ్గకుండా, ఒక సీసాలో ఓఆర్ఎస్ కలిపి తాగు.

దిగుతుండగా వణుకు మొదలై హ్యాండిల్ ఊగుతుంటే పంతానికి పోకుండా ఆగి, గాలి తగలని చోట నిలబడి, చక్కెర ఎక్కువ వేసిన వేడి టీ తాగు. మీలో ఎవరికైనా మాట తడబడితే అతడిని ఇక సైకిల్ ఎక్కనివ్వకుండా, పొడి బట్టలు కప్పి, కారు పిలిపించండి.

ఇట్లు,
మావయ్య