ఇంట్లో అందరికీ కోవిడ్ వచ్చినా ఒక్కరికే ఎందుకు సీరియస్ అవుతుంది? వాళ్ళకి ఇమ్యూనిటీ తక్కువనా?

తక్కువని కాదండీ. మా బావ ప్రాణం మీదికి వచ్చింది ఇమ్యూనిటీ చాలక కాదు, అది వేళ తప్పి విజృంభించడం వల్ల.

2021 మేలో నేను తెనాలిలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఒకరోజు మధ్యాహ్నం సెంట్రిఫ్యూజ్‌లోంచి పసుపు మూత ట్యూబు తీస్తే స్టిక్కర్ మీద మా బావ పేరు. జ్వరం మొదలై ఎనిమిదో రోజు. నాలుగో రోజున సీఆర్పీ, అంటే ఒంట్లో వాపు ఎంతుందో రక్తంలో చూపించే ప్రొటీన్, 18 ఉండింది. ఇప్పుడు మెషీన్ 142 చూపించింది. నమ్మబుద్ధి కాక మళ్ళీ పెట్టాను, 139. పీపీఈ కిట్‌లో చెమటకి గ్లౌజులు జారిపోతున్నాయి, బయట అక్క ఫోన్ మీద ఫోన్. అదే ఇంట్లో ఆవిడకి 6. పిల్లలకి రెండ్రోజుల జలుబు, అంతే. బావకి బీపీ లేదు, షుగర్ లేదు, రోజూ పొద్దున్నే నడక.

సీఆర్పీ అంటే వైరస్ ఎంత ఉందో చెప్పే లెక్క అనుకుంటారు చాలామంది. కాదు. ఐఎల్-6 అనే సంకేతం రక్తంలో కాలేయానికి చేరితే అక్కడి కణాల్లో సీఆర్పీ జన్యువు ఆన్ అవుతుంది. రిపోర్టులో మీరు చూసే అంకె ఆ జన్యువు పనితనమే. వైరస్ తగ్గుముఖం పట్టాక కూడా అది పెరుగుతూ పోవచ్చు.

అసలు ముందుగా లేవాల్సినవి ఇంటర్‌ఫెరాన్ జన్యువులు. వైరస్ సోకిన కణం పక్క కణాలకి పంపే హెచ్చరికే ఇంటర్‌ఫెరాన్. వాటి కబురు అందితే చుట్టుపక్కల కణాల్లో వందల జన్యువులు ఆన్ అయి వైరస్ కాపీలు పడకుండా అడ్డుకుంటాయి. కరోనా ఆ కబురునే తొక్కిపెడుతుంది. 2020లో ప్యారిస్ పరిశోధకులు సీరియస్ అయినవాళ్ళ రక్తం చూస్తే ఇంటర్‌ఫెరాన్ వైపు నీరసం, వాపు పుట్టించే జన్యువుల వైపు హోరు. నెదర్లాండ్స్‌లో రెండు కుటుంబాల్లో ఇద్దరేసి అన్నదమ్ములు, ఏ జబ్బూ లేని కుర్రాళ్ళు, ఐసీయూ పాలయ్యారు. చూస్తే వైరస్‌ని పసిగట్టే టీఎల్ఆర్7 జన్యువులో పుట్టుకతోనే లోపం. ప్రాణాపాయం దాకా వెళ్ళినవాళ్ళలో సుమారు పదిమందికొకరికి సొంత ఇంటర్‌ఫెరాన్‌నే కట్టిపడేసే యాంటీబాడీలు ఉన్నాయని కూడా తేలింది. మా బావకి ఈ టెస్టులేవీ ఎవరూ చెయ్యలేదు. అయినా మొదటి వారం ఆయన ఇంటర్‌ఫెరాన్ పడుకుందని నేను పందెం కడతాను.

పడుకోబెట్టింది కూడా ఆయనే అని నా అనుమానం. రెండో రోజునే, పక్కింటాయనకి ఎవరో రాసిన చీటీ వాట్సాప్‌లో చూసి స్టెరాయిడ్ మొదలెట్టారు. మెడికల్ షాపు వాడు అడగకుండానే రెండు స్ట్రిప్పులిచ్చాడు. స్టెరాయిడ్ పనే ఇమ్యూనిటీ జన్యువుల నోరు నొక్కడం, అందులో ఇంటర్‌ఫెరాన్ నోరు కూడా ఉంటుంది. అప్పటికి ఏడాది కిందటే, 2020 జూన్‌లో, బ్రిటన్‌లో రికవరీ అనే ట్రయల్ తేల్చేసింది: డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌తో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి మేలేమీ కనిపించలేదు. రెండో రోజున బావ ఆక్సిజన్ సాచురేషన్ 98, అంటే మామూలే. ఆ నెలల్లో స్టెరాయిడ్‌కి షుగర్ ఎగబాకి, దాని వెనకే బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్ళ శాంపిల్స్ ఎన్ని చూశానో. అయినా చీటీలు ఫార్వర్డ్ చేసినవాళ్ళు ఒక్కరు కూడా తప్పయిందనలేదు.

ఇక ఇమ్యూనిటీ బూస్టర్ల సంగతి ఎత్తకండి. బూస్ట్ అయితే ఏ జన్యువు బూస్ట్ అవ్వాలి, ఏ రోజు అవ్వాలి? డబ్బా మీద అది రాయరేం?

ఆస్పత్రిలో అదే స్టెరాయిడ్ సరైన రోజున, సరైన డోసులో ఇచ్చారు. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు బావ. డిశ్చార్జికి ముందు శాంపిల్ మళ్ళీ నా బెంచికే వచ్చింది, సీఆర్పీ 9. అక్క మాత్రం అదంతా తన మిరియాల కషాయం మహిమే అంటుంది. వాళ్ళింటికి వెళ్తే నాకూ ఓ గ్లాసు పోస్తుంది, తాగేస్తాను.