విమానం నడిపినవాడికి విమానం నుంచి దూకడం సులువా?

బరంపురం నుంచి మీరు అడిగిన ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. ఏళ్ల తరబడి విమానం నడిపిన మనిషికి పారాచూట్‌తో దూకడం సులువవుతుందా, ఆ రెండింటిలో ఏది ఎక్కువ భయపెడుతుంది, 62 ఏళ్ల మీ నాన్నగారు ఒక్కసారైనా దూకి తీరతానంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోవచ్చా. రెండు పనులూ చేసినవాణ్ని కాబట్టి జవాబు రాస్తున్నాను. వాయుసేనలో రవాణా విమానాల పైలట్‌గా 32 ఏళ్లు పనిచేసి, 2012లో వింగ్ కమాండర్‌గా పదవీ విరమణ చేసి, ఇప్పుడు పర్లాకిమిడిలో మా తాతలనాటి ఇంట్లో ఉంటున్నాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ ఇంత బిగదీసిన భాష రాస్తున్నందుకు ఆయన క్షమించాలి. నివేదికలు రాసి రాసి అలవాటు పడిన చెయ్యి ఇది.

మొదటిదానికి సూటిగా చెబుతాను. సులువు కాదు సరికదా, పైలట్ అలవాట్లు దూకేటప్పుడు అడ్డం వస్తాయి. అయితే దూకిన అనుభవం మాత్రం విమానం నడపడానికి ఎంతో పనికివస్తుంది. ఈ మాట ఎందుకు అంటున్నానో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా వైపు పైలట్ అనగానే పెద్దలందరికీ ఒడిశా ముఖ్యమంత్రిగా చేసిన బిజూ పట్నాయక్ గుర్తొస్తారు. ఆయన 1947లో డకోటా విమానంలో వెళ్లి ఇండోనేషియా నాయకుడు సుతాన్ షారిర్‌ను తీసుకువచ్చిన సంగతి మా నాన్నగారు ఎన్నోసార్లు చెప్పారు. నాకు ఆశ పుట్టింది మాత్రం అక్కడ కాదు. మా మేనమామ కొరాపుట్ జిల్లా సునాబెడలో, 1964లో పెట్టిన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇంజన్ల కర్మాగారంలో ఫిట్టరుగా ఉండేవాడు. మిగ్-21 ఇంజన్లు తయారైన చోటు అది. వేసవి సెలవుల్లో మావయ్య క్వార్టర్‌కు వెళ్లినప్పుడు, ఆయన అన్నం కలుపుతూనే ఇంజన్‌లో గాలి ఎలా నొక్కుకుపోతుందో, ఎక్కడ మండుతుందో చేతులతో చూపించేవాడు. యుద్ధ విమానం నడపాలనుకున్నాను, రవాణా విమానాల వైపు పంపారు. మొదట్లో బాధపడ్డాను కానీ, ఆ బాధ ఆరు నెలలు కూడా నిలవలేదు.

మన వాయుసేనకు ఆంటొనోవ్ ఏఎన్-32 విమానాలు 1984 నుంచి రావడం మొదలైంది. నేను 1986లో వాటి మీదికి వెళ్లాను. రెండు టర్బోప్రాప్ ఇంజన్లు రెక్కల పైన ఎత్తుగా అమర్చి ఉంటాయి. వెనుక తోక కింద తెరుచుకునే పెద్ద తలుపు ఉంటుంది. 42 మంది పారాట్రూపర్లను, అంటే పారాచూట్‌తో దూకే సైనికులను, ఎక్కించుకోగలదు. ఆగ్రాలో ఉన్న రోజుల్లో మా పనిలో పెద్ద భాగం అక్కడి పారాట్రూపర్ల శిక్షణ పాఠశాల కుర్రాళ్లను మల్పురా మైదానం మీద దింపడం. దింపడం అంటున్నాను కానీ, ఆ కుర్రాళ్లు దూకడం నేను ఏనాడూ చూడలేదు. కాక్‌పిట్‌లో కూర్చున్నవాడికి వెనుక జరిగేది కంటికి కనిపించదు, చేతికి తెలుస్తుంది. తలుపు తెరుచుకోగానే విమానం లోపలి మోత మారుతుంది. మనుషులు బరువైన మూటలతో తోక వైపు జరుగుతుంటే బరువు వెనక్కి పోయి ముక్కు పైకి లేవాలని చూస్తుంది, దాన్ని ముందుకు నొక్కి పట్టాలి. ఒక్కొక్కరూ వెళ్లిపోతున్నకొద్దీ ఆ ఒత్తిడి చేతిలో తగ్గుతూ వస్తుంది. నలభై మంది పిల్లలు ఖాళీ గాలిలోకి అడుగు పెట్టారన్న సంగతి నాకు తెలిసింది ఆ తేలికదనం వల్లనే. ఆ తరువాత విమానాన్ని తిప్పుకొని, దిగి, టీ తాగేవాణ్ని.

ఇందులో లెక్క ఒకటి ఉంది. విమానం గంటకు 230 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒక్క సెకనులో 60 మీటర్లకు పైగా ముందుకు వెళ్తుంది. ఇరవై మంది సెకనుకొకరు చొప్పున దూకితే మొదటివాడికీ చివరివాడికీ నేల మీద కిలోమీటరుకు పైగా దూరం వస్తుంది. దూకమని చెప్పే ఆకుపచ్చ దీపం వెలగడం రెండు సెకన్లు ఆలస్యమైతే చివరివాడు మైదానం దాటి చెరకు తోటలో పడవచ్చు, కరెంటు తీగల మీద కూడా పడవచ్చు. ఈ లెక్క నాకు కాగితం మీద బాగానే వచ్చు. దాని అర్థం తెలియడానికి ఆరేళ్లు పట్టింది.

1992లో, నాకు 34 ఏళ్లప్పుడు, ప్రత్యేక అనుమతి తీసుకొని అదే పాఠశాలలో శిక్షణకు చేరాను. ఎందుకు చేరావని అందరూ అడిగారు. నేను దింపుతున్నవాళ్లకు ఏం జరుగుతోందో తెలియకుండా దింపుతున్నానన్న చిన్న సిగ్గు ఒకటి ఉండేది, అంతకన్నా పెద్ద కారణం చెప్పలేను. సెలవులో ఇంటికి వచ్చి అమ్మకు చెబితే, బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టి, "ఎగిరింది సాలదేటిరా, ఇంక దూకడం కూడానా?" అంది. ఆ పూట నాతో మాట్లాడలేదు.

శిక్షణ మొదటి రోజులన్నీ నేల మీదే గడుస్తాయి. పాదాలు రెండూ కలిపి, మోకాళ్లు కొంచెం వంచి, నేల తగలగానే పిక్క, తొడ, నడుము, వీపు మీదుగా దొర్లడం వందలసార్లు చేయిస్తారు. చూపు నేల మీద పెట్టవద్దని, ఎదురుగా దిగంతం మీద ఉంచమని శిక్షకుడు గొంతు పోయేలా అరుస్తాడు. నా తంటా అక్కడే మొదలైంది. పైలట్‌కు దిగడమంటే నేలను కళ్లతో కొలవడం, చివరి అడుగుల్లో ముక్కు ఎత్తి చక్రాలను మెత్తగా ఆనించడం. గుండ్రటి సైనిక పారాచూట్‌కు ఎత్తడానికి ముక్కు లేదు. సెకనుకు అయిదారు మీటర్ల వేగంతో అది దింపే చోటే దిగాలి. నాతో పాటు శిక్షణలో ఉన్న ఇరవై ఏళ్ల సిపాయిలకు ఈ చిక్కు లేదు. చెప్పింది చెప్పినట్టు చేశారు.

మొదటి దూకుడు 1250 అడుగుల ఎత్తు నుంచి. మన గొడుగును, అంటే పారాచూట్‌ను, మనం తెరవనక్కర లేదు. విమానంలోని తీగకు తగిలించిన స్టాటిక్ లైన్ దాన్ని లాగి తెరుస్తుంది. తలుపు అంచున నిలబడ్డప్పుడు నాకు కనిపించినది ఆకాశం. నవ్వకండి. అప్పటికి వేల గంటలు ఎగిరినా నేను చూసింది గేజీలనూ, రన్‌వేలనూ, మబ్బుల ఆకారాలనూ మాత్రమే. అడుగు వేశాక ఇంజన్ల గాలి పక్క నుంచి చెంపదెబ్బలా తగిలింది, నాలుగు లెక్కపెట్టేలోగా భుజాలు పైకి గుంజుకుపోయాయి, ఆ తరువాత నిశ్శబ్దం. కింద ఎవరో కుక్కను అదిలించిన కేక కూడా వినిపించింది. దూరంగా పోతున్న విమానాన్ని తలెత్తి చూశాను. దాన్ని బయటి నుంచి, కింది నుంచి, ఎగురుతుండగా అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి.

రెండో దూకుడులో తాళ్లు మెలిపడ్డాయి. కాళ్లు తన్నుకుంటూ తిరిగి మెలిక విప్పుకున్నాను, దానికి పది సెకన్లు పట్టిందేమో. కిందికి వచ్చాక శిక్షకుడు, "విమానం కొంచెం పక్కకు జారుతూ పోయింది సార్, మీ వాళ్లే నడిపారు" అన్నాడు. ఆ రోజు నడిపినవాడు నా స్నేహితుడు, నాకన్నా మెరుగైన పైలట్. నేను నడిపినప్పుడు ఎంతమందికి అలా మెలిపడిందో అని ఆ రాత్రి లెక్క వేస్తూ కూర్చున్నాను. ఆ తరువాత నా చెయ్యి మారింది. దింపే చివరి రెండు నిమిషాల్లో వేగం, దిశ, రెక్కల సమతలం చెక్కుచెదరకుండా పట్టడం, కొంచెమైనా పక్కకు జారనివ్వకపోవడం, చివరి మనిషి వెళ్లాడన్న కబురు వచ్చినా, వేలాడుతున్న స్టాటిక్ లైన్లు లోపలికి లాగే వరకు తిప్పకపోవడం ఇవన్నీ పుస్తకంలో ముందే ఉన్నాయి. నేను వాటిని నియమాలుగా పాటించేవాణ్ని; ఆ తరువాత నా వీపున తగిలించుకున్నట్టు పాటించాను. అందుకే దూకడం వల్ల పైలట్ బాగుపడతాడని పైన అన్నాను.

నాలుగో దూకుడులో చీలమండ విరిగింది. గాలి కాస్త ఎక్కువగా ఉంది, నేను నేల వైపు చూశాను, పాదాలు విడిపోయాయి. తప్పు పూర్తిగా నాదే. మూడు నెలలు విమానం ఎక్కలేదు. అయిదోది, రాత్రి దూకుడు, మరుసటి ఏడాది పూర్తి చేశాక అమ్మకు చెప్పాను. కాలు విరిగిన సంగతి ఆవిడకు చివరిదాకా తెలియదు.

గొడుగు మనమే తెరుచుకునే స్వేచ్ఛా పతనం తరువాత నేర్చుకున్నాను. వాయుసేన స్కైడైవింగ్ బృందం ఆకాశ గంగ 1987లో ఏర్పడింది. అందులోని ఇద్దరు శిక్షకులు నన్ను ఓపికగా భరించారు. దీని గురించి జనంలో ఉన్న అపోహ ఒకటి చెప్పాలి. మీ బరంపురం ఠాకురాణి యాత్రలో జెయింట్ వీల్ పై నుంచి కిందికి వస్తుంటే కడుపులో పేగులు పైకి లేచినట్టుంటుంది కదా, దూకితే అది వంద రెట్లు ఉంటుందనుకుంటారు. దాదాపు ఉండదు. విమానంతో పాటు మనం అప్పటికే వేగంగా ముందుకు పోతున్నాం, ఆ వేగం క్రమంగా కిందికి మళ్లుతుంది, గాలి వెంటనే ఒంటికి ఆనుకుంటుంది. పది పన్నెండు సెకన్లలో వేగం గంటకు 190 కిలోమీటర్ల దగ్గర స్థిరపడి ఇక పెరగదు. అప్పటి నుంచి పడుతున్నట్టు కాక, బలమైన గాలి పరుపు మీద బోర్లా పడుకున్నట్టు ఉంటుంది. 10,000 అడుగుల నుంచి దూకి 5,000 అడుగుల దగ్గర గొడుగు తెరిస్తే మధ్యలో దొరికేది అర నిమిషం. మా జిల్లాలోని మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు, అంటే 4,900 అడుగుల పైచిలుకు. ఆ కొండ శిఖరం ఎత్తుకు వచ్చేసరికి గొడుగు తెరుచుకోవాలని లెక్క పెట్టుకోండి, ఎత్తు ఎంతో మీకు కంటికి ఆనుతుంది.

ఇక భయం సంగతి. నా మట్టుకు విమానంలో భయమే పెద్దది. ఒకసారి లేహ్ నుంచి చండీగఢ్‌కు వస్తూ, అదృష్టం కొద్దీ కొండలు దాటిన తరువాత, కుడి ఇంజన్ ఆయిల్ ప్రెజర్ పడిపోయింది. ఆ ఇంజన్ ఆపేసి మిగిలిన ఒక్కదాని మీద ఇరవై నిమిషాలు వచ్చాం. వెనుక సెలవు మీద ఇళ్లకు పోతున్న జవాన్లు ట్రంకు పెట్టెల మీద తలలు పెట్టి నిద్రపోతున్నారు, ఒక్కరికీ తెలియదు. ఆ ఇరవై నిమిషాలు చేతులు పని చేస్తూనే ఉన్నాయి కానీ, నోరు ఎండిపోయి రేడియోలో మాట సరిగ్గా రాలేదు. దూకేటప్పటి భయం అలాంటిది కాదు. అది తలుపు దగ్గర ఉంటుంది, అడుగు వేశాక ఉండదు. పైగా పోతే నేనొక్కణ్నే పోతాను.

మూడో ప్రశ్నకు వస్తాను. మీ నాన్నగారికి 62 అన్నారు. అమెరికా మాజీ అధ్యక్షుడు పెద్ద జార్జ్ బుష్, యుద్ధకాలపు నౌకాదళ పైలట్, తన 90వ పుట్టినరోజున 2014లో శిక్షకుడికి కట్టుకొని దూకారు. కాబట్టి వయసు అంకె ఒక్కటే అడ్డం కాదు. చూడవలసినవి గుండె, రక్తపోటు, వెన్నుపూస, మోకాళ్లు, బరువు. ముందు వాళ్ల ఊరి డాక్టరుకు దూకబోతున్నానని స్పష్టంగా చెప్పి పరీక్షించుకోమనండి. మామూలు చెకప్ అని చెప్పి కాగితం తెచ్చుకునే రకం అయితే మీరు కూడా వెళ్లండి. ఆయన చేయవలసింది టాండెమ్ మాత్రమే. అందులో శిక్షకుడి ఛాతీకి ఆయన్ని పట్టీలతో బిగిస్తారు, గొడుగు నడిపేది శిక్షకుడే. ఎక్కడికి వెళ్లినా మూడు సంగతులు అడగండి: మొదటిది తెరుచుకోకపోతే వాడే రెండో గొడుగు ఎప్పుడు మడిచారు, దాన్ని దానంతటదే తెరిచే పరికరం ఉందా, గాలి ఎంత దాటితే ఆ రోజు ఆపేస్తారు. మూడోదానికి అంకె చెప్పకుండా "ఏం కాదు సార్" అంటే టీ తాగి ఇంటికి వచ్చేయండి.

నేను 60వ ఏట టాండెమ్‌లో ఒకసారి దూకాను, మా మనవడు చూడాలన్నాడని. నేల దగ్గరకు వచ్చాక కాళ్లు ముందుకు ఎత్తి పట్టుకోమని ఆ కుర్ర శిక్షకుడు రెండుసార్లు చెప్పాడు. నేను ఎత్తలేదు. పాత అలవాటు కొద్దీ నేలను చూసి, కాళ్లతో వెతికి, నేనే దించబోయాను. ఇద్దరం బురదలో బోర్లా పడ్డాం. మీ నాన్నగారికి ఈ ఒక్క ముక్క తప్పకుండా చెప్పండి: కాళ్లు ఎత్తమంటే ఎత్తమనండి.