స్థలం అమ్మి టెన్నిస్ ఆడించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు, ఏడో తరగతి. నాలుగేళ్లుగా విజయవాడలో టెన్నిస్ నేర్చుకుంటోంది. రాష్ట్ర స్థాయిలో సెమీస్ దాకా వెళ్లింది. హైదరాబాద్‌లో ఒక అకాడమీ వాళ్లు స్కూల్ మాన్పించి హాస్టల్లో చేర్చమంటున్నారు. నెలకు 45 వేలు. నాది ఎరువుల దుకాణం. ఏడాదికి 9 లక్షల దాకా మిగులుతుంది. ఊరి బయట 200 గజాల స్థలం ఉంది. అమ్మేయమంటారా?
- ఒక తండ్రి, కృష్ణా జిల్లా

జవాబు: ఇప్పుడే అమ్మొద్దు. స్కూల్ అసలే మాన్పించొద్దు.

నెలకు 45 వేలంటే ఏడాదికి 5.4 లక్షలు, మీకు మిగిలే దాంట్లో సగానికి పైనే. పోనీ అంతటితో అయిపోతుందా అంటే, లేదు. ఫీజు ఎంతో ముందే తెలుస్తుంది కాబట్టి దానికి సిద్ధపడతాం. జేబు ఖాళీ చేసేవి టోర్నీలు. అఖిల భారత టెన్నిస్ సంఘం, అదే అందరూ ఐటా అంటారే, దాని ర్యాంకింగ్ పాయింట్లు కావాలంటే ఊళ్లు తిరగాలి. పన్నెండేళ్ల పిల్లని ఒంటరిగా పంపలేం కదా. రెండు టికెట్లు, ఆరు రాత్రులు గది, ఇద్దరి భోజనం, ఆటోలు, ఎంట్రీ ఫీజు. చెన్నైకో పుణేకో వెళ్తే ఎంత పొదుపుగా ఉన్నా వారానికి 20 వేలు వేసుకోండి. ఏడాదికి 15 టోర్నీలైతే 3 లక్షలు. సోమవారం తొలి రౌండ్లోనే ఓడిపోవచ్చు, చేతిలో ఉన్న తిరుగు టికెట్ మాత్రం శనివారానిది! పైగా ఖరీఫ్‌లో మీరు దుకాణం మూసి పాప వెంట వెళ్తే ఆ నష్టం ఏ పద్దులో రాస్తారు?

13 నిండాక అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య జూనియర్ టోర్నీలు మొదలవుతాయి. వాటిలో జె30 అనే చిన్న గ్రేడు నుంచి జె500 అనే పెద్ద గ్రేడు దాకా మెట్లుంటాయి. ఆ జూనియర్ టోర్నీల్లో గెలిచినా ప్రైజ్ మనీ ఉండదు, పాయింట్లే. ఒక సంగతి గుర్తుంచుకోండి: ర్యాంకింగ్‌లో లెక్కకొచ్చేది సింగిల్స్‌లో మెరుగైన ఆరు ఫలితాలు, డబుల్స్‌లో మెరుగైన ఆరింటికి పావు వంతు పాయింట్లు. కాబట్టి ప్రతి వారం సూట్‌కేసు సర్దక్కర్లేదు. మొదట్లో మన దేశంలో జరిగే చిన్న గ్రేడు టోర్నీలు చాలు.

ఆ తర్వాతైనా డబ్బు తిరిగొస్తుందా అంటారా? 2023లో సుమిత్ నాగల్ దేశంలో నంబర్ వన్ సింగిల్స్ ఆటగాడు. అప్పటికి తన ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని అతనే చెప్పాడు. అందుకే పాప ప్రొఫెషనల్ అవుతుందన్న ఒక్క ఆశ మీద స్థలం పెట్టొద్దంటున్నాను.

నా దృష్టిలో మీలాంటి ఇంటికి అందే లక్ష్యం స్కాలర్‌షిప్‌తో అమెరికా కాలేజీ టెన్నిస్. సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడి, తర్వాత 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. హైదరాబాద్ అమ్మాయి సహజ యమలపల్లి టెక్సస్‌లో శామ్ హ్యూస్టన్ స్టేట్‌కి ఆడింది. ఆ తర్వాత దేశాల మధ్య జరిగే మహిళల టెన్నిస్ పోటీ బిల్లీ జీన్ కింగ్ కప్‌లో దేశం తరఫున బరిలోకి దిగింది. అమెరికా కాలేజీ క్రీడల్లో పై శ్రేణి అయిన డివిజన్ వన్‌లో ఏళ్ల తరబడి మగపిల్లల జట్టుకు నాలుగున్నర స్కాలర్‌షిప్పులుంటే ఆడపిల్లల జట్టుకు ఎనిమిది ఉండేవి. 2025లో ఈ నిబంధనలు మారాయి, వెళ్లేనాటికి ఎలా ఉన్నాయో మళ్లీ చూసుకోవాలి. అక్కడి కోచ్‌లు యూటీఆర్, అంటే ఆటగాళ్ల స్థాయిని అంకెలో చెప్పే యూనివర్సల్ టెన్నిస్ రేటింగ్ చూస్తారు, యూనివర్సిటీ వాళ్లు తొమ్మిదో తరగతి నుంచీ మార్కులు చూస్తారు. స్కూల్ మాన్పించొద్దన్నది ఇందుకే. సీబీఎస్‌ఈలోనైతే గుర్తింపు ఉన్న జాతీయ, అంతర్జాతీయ పోటీలు బోర్డు పరీక్షల రోజునే పడినవాళ్లు వేరే రోజున పరీక్ష రాసే వీలుంది.

ఇక ఇప్పటి సంగతి. ఏడాదికి మూడున్నర లక్షలు దాటనని ఒక గీత గీసుకోండి. విజయవాడ కోచ్‌నే కొనసాగించండి. పది టోర్నీలు చాలు, వాటిలో సగం రాత్రి రైలు దూరంలో ఉన్నవి చూసుకోండి. గట్టింగ్, అంటే రాకెట్‌కు బిగించే తీగ, ఖర్చు చిన్నదే అనిపిస్తుంది గానీ పిల్ల గట్టిగా కొట్టడం మొదలెట్టాక నెలకు మూడు నాలుగు సార్లు తెగుతుంది. ఒక రాకెట్‌కు సుమారు 12 మీటర్లు పడుతుంది. 200 మీటర్ల రీలు కొంటే పదహారు సార్లు వస్తుంది, విడి ప్యాకెట్ల కంటే చవక. షూస్ మాత్రం చవకవి వద్దు, హార్డ్ కోర్టు మీద మోకాళ్లు పాడవుతాయి.

స్పాన్సర్లు వస్తారని అకాడమీ వాళ్లు అని ఉంటారు. కాగితం మీద రాసిస్తారేమో అడిగి చూడండి!

వేసవి సెలవుల్లో ఒక నెల మాత్రం ఆ హాస్టల్లో ఉంచండి. ఆ 45 వేలు దండగేం కాదు. ఉదయం ఐదింటికి లేవగలదా, ఇల్లు వదిలి ఉండగలదా, తనకన్నా బాగా ఆడేవాళ్ల చేతిలో రోజూ ఓడుతూ కూడా మర్నాడు కోర్టుకి వెళ్తానంటుందా అన్నవి ఆ నెలలో తెలిసిపోతాయి. తిరిగొచ్చాక పాప ఏమందో నాకు రాయండి, మీ మాటల్లో కాదు, తన మాటల్లో. స్థలం గురించి పదిహేనో ఏట, చేతిలో జూనియర్ ర్యాంకు, యూటీఆర్ పెట్టుకుని మాట్లాడుకుందాం.