ఫ్లోరైడ్ నీళ్లు: ఒక డాక్టరు మంచిదంటే ఇంకొకరు వద్దన్నారు, మా పాపకు ఐదేళ్లు, ఎవరిని నమ్మాలి?

ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. మీ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో వాళ్లకు తెలియదు, చిక్కంతా అక్కడే. లీటరుకు 0.7 మిల్లీగ్రాముల దగ్గర పిప్పిపళ్లు తగ్గుతాయని దంతవైద్యుల్లో ఎక్కువమంది సమర్థిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 1.5. అది దాటితే ఆ దంతవైద్యులే వద్దంటారు.

1. ముందు నీళ్లను ల్యాబులో ఫ్లోరైడ్ పరీక్షకు ఇవ్వండి. చాలామంది టీడీఎస్ మీటరు చూసి సరిపెట్టుకుంటారు. అది కరిగిన లవణాల మొత్తమే చూపిస్తుంది. అంకె చిన్నగా ఉన్నా ఫ్లోరైడ్ ఎక్కువ ఉండవచ్చు.

2. ఎక్కువని తేలితే కాచి లాభం లేదు. ఆవిరి పోతుంది, ఫ్లోరైడ్ మిగిలి ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్వో ఫిల్టరు చాలావరకు తీసేస్తుంది.

3. మీ పాపకు ఐదేళ్లన్నారు కాబట్టి పళ్లు తోమే ఫ్లోరైడ్ పేస్టు బఠాణీ గింజంత చాలు. మింగకుండా ఉమ్మేయాలి.