ఆఫీసులో మనకు తెలియకుండానే పక్షపాతం చూపిస్తున్నామని ఎలా కనిపెట్టాలి?

ప్రశ్న అడిగినవారు ఈమధ్యే టీమ్ లీడ్ అయ్యారట. "అందరినీ సమానంగానే చూస్తున్నాననుకుంటున్నాను, అది నిజమో కాదో ఎలా తెలుస్తుంది?" అన్నారు. పదేళ్లపాటు నేనూ అలాగే అనుకున్నాను. కాదని నా చేతిరాతే పట్టించింది.

నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్ చూస్తాను. ఫ్రెషర్ల ఇంటర్వ్యూలు చాలా చేశాను. ఒకసారి హెచ్‌ఆర్‌లో కొత్తగా చేరిన అమ్మాయి పాత ఇంటర్వ్యూ షీట్లు సర్దుతూ నా దగ్గరికొచ్చింది. "సార్, ఈ అబ్బాయి టెస్ట్ కేసులు బాగా రాశాడని మీరే రాశారు. మరి రిజెక్ట్ ఎందుకు చేశారు?" అంది. కింద 'కమ్యూనికేషన్ వీక్' అని ఉంది. తర్వాతి షీటులోనూ అదే. ఆ ఏడాది నేను వద్దన్న పదకొండు మందిలో ఏడుగురి మీద అదే ముక్క. ఏడుగురూ జిల్లాల్లోని కాలేజీల నుంచి వచ్చినవాళ్లే. పోనీ ఆ ఉద్యోగంలో ఇంగ్లీషు దంచాలా అంటే అదీ లేదు. క్లయింటుతో మాట్లాడేది నేను, వాళ్లు కాదు.

ఇంకా సిగ్గుపడాల్సింది ఏంటంటే, నేనే కనిగిరి దగ్గర పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. మొదటి ఉద్యోగంలో 'ఇష్యూ'ని 'ఇస్యూ' అన్నానని నవ్విన ముఖాలు ఇంకా గుర్తున్నాయి. మన ఊరి పిల్లలంటే నాకు ప్రేమ ఎక్కువేనని కూడా అనుకునేవాణ్ణి! వాళ్ల తడబాటులో నా పాత తడబాటు కనబడి చిరాకేసేదేమో. కారణం ఏదైనా, ఏడుగురికి రావాల్సిన ఉద్యోగం పోయింది.

కాబట్టి మీరు ముందు మీ పాత రాతలు తీయండి. రివ్యూల్లో ఎవరిని 'చురుకు' అన్నారు, ఎవరిని 'దూకుడు' అన్నారు, కష్టమైన పని ఎవరికిచ్చారు, మీటింగ్ మినిట్స్ రాయమని ప్రతిసారీ ఎవరికి చెప్పారు. ఒక గంట కూర్చుంటే చాలు, మనకు నచ్చని లెక్క ఒకటి బయటపడుతుంది.

పేర్ల సంగతి మరీ ఘోరం. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఒక అధ్యయనం ప్రచురించారు. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమానమైన చదువులతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ హిందూ పేరుకు పిలుపొచ్చే అవకాశం 1 అనుకుంటే, దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33గా తేలింది. మన దగ్గర అసలు దరఖాస్తులో పేరు చూడక్కర్లేదు, ఇంటర్వ్యూ మొదట్లోనే తేలిపోతుంది. కుర్రాడి టెన్షన్ తగ్గిద్దామని "ఏ ఊరు బాబూ? ఇంటిపేరేంటి?" అని మొదలుపెడతాం. రెండో జవాబుకల్లా బల్లకు ఇవతల ఉన్నవాళ్లం మనసులో కులం లెక్క కట్టేస్తాం. మా ప్యానెల్‌లో ఆ రెండు ప్రశ్నలూ మానేశాం. ఇప్పుడు ట్రాఫిక్ గురించి అడుగుతున్నాం, హైదరాబాద్‌లో దానికి ఎవరైనా ఐదు నిమిషాలు మాట్లాడగలరు.

ఈ పక్షపాతానికి మందు ఏంటంటే, నాకు పనికొచ్చింది మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ పద్ధతి. 1955లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో, ఆయన ఇజ్రాయెల్ సైన్యానికి ఇంటర్వ్యూ విధానం తయారుచేశారు. ఆరు లక్షణాలు విడివిడిగా తీసుకుని, ఒక్కొక్కదానికి ముందే రాసిపెట్టుకున్న ప్రశ్నలు అడిగి, మార్కు వేశాకే తర్వాతిదానికి వెళ్లాలి. 'మనిషి ఎలా అనిపించాడు' అనేది చిట్టచివర. మేమూ అలాగే చేస్తున్నాం. ప్యానెల్‌లో ముగ్గురం మార్కులు వేసేదాకా ఒకరితో ఒకరం మాట్లాడుకోం. లేకపోతే సీనియర్ పెదవి విరిస్తే చాలు, మిగతా ఇద్దరి పెన్నులూ అటే తిరుగుతాయి. 'కమ్యూనికేషన్' గడి కొట్టేసి, 'ఒక బగ్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పు) గురించి తెలుగులోనో హిందీలోనో ఇంగ్లీషులోనో చెప్పమంటే మనకు అర్థమైందా' అని పెట్టాం.

మాకు పక్షపాతం మీద రెండు గంటల ట్రైనింగ్ కూడా ఇచ్చారు. సమోసాలు బాగున్నాయి, సర్టిఫికెట్ వచ్చింది. తర్వాతి వారం అందరం మామూలే.

ఇంకోటి, పక్షపాతం ఎప్పుడూ కోపంగానే ఉండదు, జాలిగానూ ఉంటుంది. మా టీమ్‌లో ఒకమ్మాయి 26 వారాల ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చింది. పాపం చంటిబిడ్డ తల్లి కదా అని పెద్ద రిలీజ్ పని వేరే అతనికిచ్చి, ఆమెకు తేలిక పని ఇచ్చాను. గొప్ప మేలు చేశాననుకున్నాను. అప్రైజల్ రోజు ఆమె, "అన్నా, నన్నొక్క మాట అడిగుంటే బావుండేది. మా అమ్మ ఆర్నెల్లు ఇక్కడే ఉంటుంది, నేను చేసేదాన్నే" అంది. అప్పటికే రేటింగులు పైకి వెళ్లిపోయాయి, ఆ పని చేసినతనికి ప్రమోషన్ ఖాయమైంది. ఇప్పుడు ఎవరికి ఏది కుదురుతుందో నేను ఊహించడం మానేసి, అడుగుతున్నాను.

చేతకాక వదిలేసినవీ ఉన్నాయి. సాయంత్రం నాతో టీకి వచ్చే నలుగురూ మగవాళ్లే, అందులో ముగ్గురిది మా జిల్లానే. సగం పనులు ఆ టీ బండి దగ్గరే పంచుకుంటాం. ఈమధ్య అక్కడ పని మాటొస్తే "రేపు మీటింగులో మాట్లాడదాం" అని ఆపుతున్నాను. రెండుసార్లకొకసారి మర్చిపోతాను.